షెల్ ప్రాంప్టుకు రంగులెందుకు?

కంప్యూటరుకు పని చెప్పే మార్గాలు ప్రధానంగా రెండు. తెరపై కనిపించే బొమ్మలను వ్రేలితో తాకి గాని, మౌసుతో నొక్కి గాని చెప్పడం ఒకటి. ఆజ్ఞను అక్షరాలలో వ్రాసి, ఎంటర్ మీట నొక్కి చెప్పడం రెండవది. ఈ రెండవ పద్ధతి పాతది గనుక మూలబడిపోయి ఉంటుందని మన విద్యార్థులలో అనేకులు భావిస్తున్నారు. అది సరికాదు. బ్యాంకుల లెక్కలు, రైలు టికెట్లు, పరీక్షా ఫలితాలు నిలువచేసే సర్వర్లలో అధిక భాగం లినక్స్ మీద నడుస్తున్నవి. వాటిని సంరక్షించే ఉద్యోగులు ఈనాటికీ ఆజ్ఞలు వ్రాసియే పని చేయిస్తున్నారు. అట్టి ఆజ్ఞలను అందుకొనే ప్రోగ్రాంకు షెల్ అని పేరు. షెల్ అనగా పైపెంకు. లోపల ఉన్న పప్పు కెర్నల్. మనకు చేతికి తగిలేది పెంకు మాత్రమే. 1960వ దశకంలో లూయీ పూజాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మల్టిక్స్ అనే వ్యవస్థ సందర్భంలో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు.

షెల్ తాను సిద్ధంగా ఉన్నానని తెలుపడానికి తెరపై ఒక చిన్న పంక్తిని వ్రాస్తుంది. అదియే ప్రాంప్టు. ఈ మాట మన నాటక సమాజాల వారికి కొత్తది కాదు. తెరచాటున నిలబడి నటునికి మరచిన పద్యపాదాన్ని అందించేవాడు ప్రాంప్టరు. అయితే షెల్ మనకు మాట అందించదు. "ఇక నీ వంతు" అని మాత్రమే అంటుంది. అందుచేత ఉర్దూ ముషాయిరాలోని షమా ఇక్కడ ఇంకా చక్కగా సరిపోయే పోలికయని మా అభిప్రాయం. పూర్వపు ముషాయిరాలలో వెలిగించిన దీపాన్ని ఏ కవి ముందు ఉంచితే ఆ కవి చదువవలెను. దీపం కవిత్వం చెప్పదు. ఎవరి వంతో చెబుతుంది. ప్రాంప్టు చేసే పని కూడా ఇంతే.

కాని ఒక తేడా ఉన్నది. ముషాయిరాలో కూర్చున్న కవికి తాను ఎవరో, ఏ సభలో ఉన్నాడో తెలుసు. షెల్ ముందు కూర్చున్న వానికి ఆ రెండూ తెలియకపోవచ్చును! ఒకే బల్ల వద్ద కూర్చొని, ఒకే తెరపై నాలుగైదు కిటికీలు తెరచి, ఒక్కొక్క కిటికీ నుండి ఒక్కొక్క దూరపు యంత్రంతో అతడు మాట్లాడుతూ ఉంటాడు. అన్నీ నల్లని కిటికీలే, అన్నిటిలోనూ తెల్లని అక్షరాలే. కాబట్టి ప్రాంప్టు వంతును తెలిపితే చాలదు. నీవు ఎవరవు, ఎక్కడ ఉన్నావు అనే రెండు సంగతులు కూడా చెప్పవలసి ఉంటుంది.

భాషాబోధకులం గనుక ఈ విషయాన్ని వ్యాకరణ పరిభాషలో చెప్పడం మాకు సులభం. ఒక వాక్యానికి కర్త కావలెను, అధికరణం కావలెను, క్రియ కావలెను. షెల్ ముందు మనము టైపు చేసేది క్రియ మాత్రమే. కర్తను, అధికరణాన్ని ప్రాంప్టు ముందుగానే వ్రాసి పెడుతుంది. ఉబుంటు వంటి లినక్స్ యంత్రాలలో సాధారణంగా కనిపించే ప్రాంప్టును మన లిపిలో వ్రాస్తే ఈ విధంగా ఉంటుంది:

రహీం@ల్యాబ్3:~/మార్కులు$

ఇందులో రహీం అనేది కర్త. @ అనే గుర్తు సప్తమీ విభక్తి వంటిది. ల్యాబ్3 అనే యంత్రంలో అని అర్థం. ~ అంటే అతని స్వంత డైరెక్టరీ. దానిలో మార్కులు అనే డైరెక్టరీలో అతడు ఉన్నాడు. ఇంతవరకు చదివి, "తుడిచివేయుము" అనే క్రియను దాని ప్రక్కన వ్రాస్తే వాక్యం పూర్తి అవుతుంది. క్రియ ఒకటే అయినా అధికరణం మారితే అర్థం తలక్రిందులవుతుంది. అభ్యాసం కొరకు పెట్టిన యంత్రంలో తుడిచివేయడం శుభ్రత. అసలు యంత్రంలో తుడిచివేయడం సర్వనాశనం. షెల్ లో తుడిచిన ఫైలు చెత్తబుట్టలోనికి పోదు. తిరిగి తీసుకొందామంటే ఉండదు.

ఇక చివరి గుర్తు సంగతి. ఈ డాలరు గుర్తు ధనానికి సంబంధించినది కాదు. స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వెలువడినది. అందులో సామాన్య వినియోగదారునికి $ చిహ్నం ప్రాంప్టుగా ఉండేది. 1989లో బ్రయన్ ఫాక్స్ తొలిసారి విడుదల చేసిన బ్యాష్ షెల్ కూడా ఆ ఆచారాన్నే పాటించినది. సి షెల్ సంప్రదాయంలో శాతపు గుర్తు వాడుతారు. సర్వాధికారాలు గల రూట్ అనే వినియోగదారునికి మాత్రం ఈ షెల్లన్నిటిలో # గుర్తు కనిపిస్తుంది. రూట్ చెప్పిన దానికి యంత్రంలో దాదాపుగా అడ్డు లేదు. సామాన్యుడు ముట్టరాని ఫైళ్ళను కూడా అతడు ఒక్క మాటతో తుడిచివేయగలడు. ఇంత అధికార భేదానికి సూచన ఒకే ఒక గుర్తు! $ ఎంత స్థలం ఆక్రమిస్తుందో # కూడా అంతే. రాత్రి పదకొండు గంటలకు, అలసిన కన్నులతో చూచే వానికి ఈ తేడా కనిపించకపోతే ఆశ్చర్యపడవలసినది లేదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2017 జనవరి 31వ తేదీ రాత్రి గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగిన ఉదంతాన్ని ఆ సంస్థయే దాపరికం లేకుండా లోకానికి వెల్లడించినది. ప్రోగ్రాంలు వ్రాసేవారు తమ పనిని దాచుకొనే చోటు అది. అక్కడ అసలు డేటాబేసు ఒక సర్వరులోను, దాని ప్రతిరూపం మరొక సర్వరులోను ఉండేవి. మొదటి దాని పేరు డి.బి.1, రెండవ దాని పేరు డి.బి.2. రెండవ దానిలో చిక్కు ఏర్పడగా, అందులోని డైరెక్టరీని తుడిచి కొత్తగా నింపుదామని ఒక ఇంజనీరు ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞ సరియైనదే, నిలబడిన చోటు సరికాదు. అతడు ఉన్నది డి.బి.1లో. ఒకటి రెండు సెకండ్లలోనే గ్రహించి ఆపినాడు గాని, సుమారు 300 గిగాబైట్లలో మిగిలినది సుమారు 4.5 గిగాబైట్లు మాత్రమే. ప్రతిరోజూ తీయవలసిన నకళ్ళు చాలా కాలంగా సరిగా రావడం లేదని కూడా అప్పుడే బయటపడినది. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన ఒక ప్రతి దొరికినది గనుక సంస్థ నిలద్రొక్కుకొన్నది. అయినా ఆ ఆరు గంటలలో డేటాబేసులో చేరిన సమాచారం మరలిరాలేదు: కనీసం 5000 ప్రాజెక్టులకు సంబంధించిన వివరాలు, 5000 వ్యాఖ్యలు, సుమారు 700 మంది కొత్త సభ్యుల ఖాతాలు.

తరువాత ఆ సంస్థ వారు వ్రాసుకొన్న దిద్దుబాట్ల పట్టికలో నకళ్ళను సరిచేయడం వంటి పెద్ద పనులు ఉన్నవి. వాటి సరసనే ఒక చిన్న పని కూడా ఉన్నది: ప్రాంప్టులో యంత్రం పూర్తి పేరు కనిపించవలెను, అసలు యంత్రాలకు ఎరుపు, అభ్యాస యంత్రాలకు పసుపు రంగు ఉండవలెను అని. ప్రాంప్టుకు రంగు వేయడాన్ని కుర్రకారు సరదాగా తీసివేసేవారు ఈ పట్టికను చూడవలెను. 1కి 2కి మధ్యగల తేడాను కన్ను దాటిపోవచ్చును. ఎరుపును అంత తేలికగా దాటిపోదు.

ఎరుపుతో హెచ్చరించడం కంప్యూటరు వారు కనిపెట్టినది కాదు. ఖురాన్ యొక్క తొలికాలపు వ్రాతప్రతులలో హల్లులను నల్లసిరాతో వ్రాసి, అచ్చుల ఉచ్చారణను ఎర్రచుక్కలతో సూచించేవారు. చదువరి పొరపాటుగా పలుకరాదని ఆ ఎరుపు. శీర్షికలను ఎర్రసిరాతో వ్రాసే ఆచారం నుండియే ఉర్దూలో శీర్షికకు సుర్ఖీ అనే పేరు వచ్చినది. సుర్ఖ్ అంటే ఎరుపు. ఉర్దూ వార్తాపత్రిక నల్లసిరాతో అచ్చయినా దాని శీర్షికలు సుర్ఖియాఁలే! మన ఆఫీసులలోని టైపు యంత్రాలకు పైన నలుపు, క్రింద ఎరుపు గల రిబ్బను ఉండేది. గుమాస్తా ఆ ఎరుపును పేజీ నిండా వాడేవాడు కాడు. అరుదుగా వాడినందువల్లనే దానికి విలువ ఉండేది.

టెర్మినల్ లోనికి రంగు వచ్చిన విధం క్లుప్తంగా చెప్పుకొందాం. మొదట్లో తెర లేదు, టెలిప్రింటరు ఉండేది. టెలిటైపు 33వ మోడల్ సెకండుకు పది అక్షరాలు మాత్రమే అచ్చువేసేది. ఆ నిదాన కాలంలో ప్రాంప్టు ఒక్క అక్షరంతో ముగియడం న్యాయమే. తరువాత తెరలు వచ్చినవి. అక్షరాల మధ్యలో ఎస్కేప్ అనే కనిపించని సంకేతాన్ని పంపి, దాని వెంట కొన్ని అంకెలు పంపితే, తెర వాటిని అచ్చువేయక ఆజ్ఞగా గ్రహించే పద్ధతి ఏర్పడినది. 1976లో ఐరోపా ప్రమాణంగాను, 1979లో అమెరికా ప్రమాణంగాను అది స్థిరపడినది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు తెచ్చిన వి.టి.100 అనే టెర్మినల్ ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది. విచిత్రమేమంటే దానికి రంగులు లేవు!

ప్రమాణంలోని మూలరంగులు ఎనిమిది: నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం, ఊదా కలిసిన గులాబీ, ఆకాశవర్ణం, తెలుపు. ఎనిమిదే ఎందుకు? ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు దీపాలున్నవనుకొందాం. ఒక్కొక్కటి వెలగవచ్చును, ఆరవచ్చును. రెండును మూడుసార్లు గుణిస్తే ఎనిమిది. అన్నీ ఆరితే నలుపు, అన్నీ వెలిగితే తెలుపు. అక్షరాల రంగుకు 30 నుండి 37 వరకు, వెనుక తలానికి 40 నుండి 47 వరకు సంఖ్యలు కేటాయించినారు. అందువల్ల 31 అంటే ఎర్రని అక్షరం, 41 అంటే ఎర్రని నేపథ్యం. 1 అంటే బొద్దు, 0 అంటే అన్నీ మాని మామూలు స్థితికి రమ్మని. తరువాతి కాలంలో 256 రంగులు, ఆపైన కోటి అరువది ఏడు లక్షలకు పైబడిన రంగులు వచ్చినవి గాని, మన ప్రయోజనానికి ఆ ఎనిమిదే ఎక్కువ.

ఇక చేసే విధానం. బ్యాష్ షెల్ లో ప్రాంప్టు స్వరూపం పి.ఎస్.1 అనే చరరాశిలో ఉంటుంది. ఆజ్ఞ ఒక పంక్తిలో ముగియనప్పుడు వచ్చే రెండవ ప్రాంప్టు పి.ఎస్.2. పి.ఎస్.1 లో మనము వ్రాసిన అక్షరాలు యథాతథంగా కనిపిస్తవి. బ్యాక్‌స్లాష్ తో మొదలైనవి మాత్రం అప్పటికప్పుడు అర్థంగా మారుతవి. బ్యాక్‌స్లాష్ తరువాత చిన్నబడి యు వ్రాస్తే వినియోగదారుని పేరు, హెచ్ వ్రాస్తే యంత్రం పేరు వస్తుంది. చిన్నబడి డబ్ల్యు వ్రాస్తే డైరెక్టరీ పూర్తి మార్గం, పెద్దబడి డబ్ల్యు వ్రాస్తే దాని చివరి పేరు మాత్రమే వస్తుంది. బ్యాక్‌స్లాష్ తరువాత డాలరు వ్రాస్తే, సామాన్యునికి $, రూట్ కు # దానంతట అదే వస్తుంది. కొందరు బ్యాక్‌స్లాష్ లేకుండా ఉత్త డాలరునే వ్రాసి పెడుతున్నారు. అట్లా చేస్తే రూట్ గా మారినప్పుడు కూడా $ కనిపించే ప్రమాదమున్నది. అది మౌనంకంటె హానికరమైన అబద్ధం.

రంగు కొరకు బ్యాక్‌స్లాష్, చిన్నబడి ఇ, తెరచిన చదరపు బ్రాకెట్టు, 31, చిన్నబడి ఎం అని వరుసగా వ్రాయవలెను. రంగు అక్కర తీరిన చోట 31 బదులు 0 పెట్టి మరల వ్రాయవలెను. సున్న మరచితే ఆ ఎరుపు ప్రాంప్టుతో ఆగక, మనము టైపు చేసే ఆజ్ఞకు, దాని ఫలితానికి కూడా పాకుతుంది.

ఇక్కడ విద్యార్థులను ఎక్కువగా తికమకపెట్టే అంశం ఒకటి ఉన్నది. దానిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. పంక్తి నిండినప్పుడు క్రింది పంక్తికి మళ్ళడానికి బ్యాష్, ప్రాంప్టులో ఎన్ని అక్షరాలున్నవో లెక్కిస్తుంది. రంగు సంకేతం తెరపై కనిపించదు గాని, లెక్కలో మాత్రం అయిదారు అక్షరాలుగా చేరుతుంది. లెక్క తప్పుతుంది. అప్పుడు పొడుగాటి ఆజ్ఞను టైపు చేస్తే, అది క్రింది పంక్తికి పోక, అదే పంక్తి మొదటికి వచ్చి ప్రాంప్టు మీదనే పడుతుంది. బాణపు మీటతో పాత ఆజ్ఞలను తిరగవేస్తే సగం తుడిచిన అక్షరాలు మిగిలిపోతవి. ఏ ఆజ్ఞ ఇస్తున్నామో మనకే తెలియని స్థితి! నివారణ సులభమే. ప్రతి రంగు సంకేతానికి ముందు బ్యాక్‌స్లాష్ తో తెరచిన చదరపు బ్రాకెట్టు, తరువాత బ్యాక్‌స్లాష్ తో మూసిన చదరపు బ్రాకెట్టు పెట్టవలెను. "ఈ లోపలిది లెక్కలోనికి తీసుకొనవద్దు" అని షెల్ కు చెప్పినట్లవుతుంది. ఛందస్సు చదివిన వారికి ఇది అర్థమయ్యే సంగతే. లిపిలో కనిపించేది ఒకటి, గణవిభజనలో లెక్కకు వచ్చేది మరొకటి. 2019 నుండి యాపిల్ వారి మాక్ యంత్రాలలో అప్రమేయంగా వస్తున్న జెడ్ షెల్ లో రంగులకు వేరే సంకేతాలున్నవి. వాటిని వాడితే ఆ లెక్క అదే చూచుకొంటుంది.

మరొక చిక్కు కొటేషన్ గుర్తులది. ముందటి ఆజ్ఞ సఫలమైనదా విఫలమైనదా తెలిపే సంఖ్యను ప్రాంప్టులో చూపదలచినవారు పి.ఎస్.1 విలువను ఒంటి కొటేషన్లలో వ్రాయవలెను. జంట కొటేషన్లలో వ్రాస్తే షెల్ ఆ సంఖ్యను ఒక్కసారే, వ్రాసిన క్షణంలోనే లెక్కకట్టి, అదే విలువను ఎల్లకాలం చూపుతూ ఉంటుంది. ఆగిన గడియారం వలె.

రంగుల పంపకం ఎట్లా ఉండవలెనో మా అభిప్రాయం చెబుతాం. ఒక కళాశాలలో రెండు యంత్రాలున్నవనుకొందాం. ఒకదానిలో విద్యార్థుల మార్కులు, ఫీజులు, స్కాలర్‌షిప్ దరఖాస్తుల వివరాలు ఉన్నవి. రెండవది విద్యార్థులు అభ్యాసం చేసే యంత్రం. మొదటి దాని ప్రాంప్టులో యంత్రం పేరు ఎర్రని నేపథ్యంపై తెల్లని అక్షరాలతో ఉండవలెను. రెండవ దానిది ఆకుపచ్చ. రూట్ ఎక్కడ ఉన్నా # గుర్తు బొద్దుగా, ఎర్రగా ఉండవలెను. మిగిలినదంతా మామూలు రంగే. డైరెక్టరీ మార్గానికి ముదురు నీలం వాడేవారున్నారు. నల్లని తెరపై అది సరిగా ఆనదు, ఆకాశవర్ణం మేలు. ఈనాటి యువకులు కొందరు ప్రాంప్టులో గడియారం, బ్యాటరీ, బాణాలు, బొమ్మలు, ఏడు రంగులు చేర్చి పెళ్ళిపందిరి సీరియల్ దీపాల వలె తీర్చుతున్నారు. స్వంత యంత్రం మీద అది వారి ఇష్టం. కాని అన్నీ మెరుస్తున్న చోట ఎరుపు కూడా ఒక అలంకారమే అవుతుంది. ఒక్కొక్క అలంకారం కొరకు ఒక్కొక్క ప్రోగ్రాం పరుగెత్తవలసి రావడం వల్ల ఎంటర్ నొక్కిన ప్రతిసారి షెల్ తడబడడం కూడా చూస్తున్నాం.

రంగును ఎక్కడ నిర్ణయించవలెననేది ముఖ్యం. దూరపు యంత్రంతో మాట్లాడేటప్పుడు మనకు కనిపించేది ఆ యంత్రం పంపే ప్రాంప్టు. మన బల్ల మీది యంత్రంలో ఎన్ని రంగులు దిద్దినా అక్కడ చెల్లవు. కాబట్టి ఏ యంత్రం రంగు ఆ యంత్రంలోనే వ్రాయవలెను. రూట్ కు కూడా తన స్వంత డైరెక్టరీ, తన స్వంత ఫైలు ఉన్నవి. సామాన్య వినియోగదారుని ఫైలులో వ్రాసినది సాధారణంగా అతనికి వర్తించదు.

పురుషులలో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చల మధ్య భేదం సరిగా తెలియదు. స్త్రీలలో ఇది చాలా అరుదు. తరగతిలో అట్టి విద్యార్థి ఉంటే అతడు చెప్పనూ చెప్పడు, ఒక్కొక్కసారి అతనికే తెలియదు. రంగు ఒక్కటే సాక్ష్యమైతే అతనికి ఆ హెచ్చరిక లేనట్లే. అందుచేత ఎరుపుతో పాటు "అసలు" అని, ఆకుపచ్చతో పాటు "అభ్యాసం" అని మాట కూడా ప్రాంప్టులో చేర్చవలెను.

ఆ మాటలను తెలుగులోనో ఉర్దూలోనో వ్రాయవచ్చునా అని మా విద్యార్థులు అడుగుతుంటారు. షెల్ అభ్యంతరం చెప్పదు. ఇబ్బంది పెట్టేది టెర్మినల్. అది తెరను టైపు యంత్రం వలె సమానమైన గళ్ళుగా విభజించి, గడికొక అక్షరం కూర్చుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు అది చాలు. "స్త్రీ" అనే మన ఒక్క అక్షరం కంప్యూటరు లోపల ఆరు సంకేతాల కూర్పు. అది ఎన్ని గళ్ళు పట్టవలెనో షెల్ ఒక విధంగా, టెర్మినల్ మరొక విధంగా లెక్కించవచ్చును. అప్పుడు కర్సరు ఒకచోట, అక్షరం మరొకచోట ఉంటవి. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తుంది, అక్షరాలు ఒకదానితో ఒకటి చేయి కలుపుతవి. కొన్ని టెర్మినళ్ళు దీనిని పాటిస్తున్నవి, కొన్ని అక్షరాలను విడదీసి తలక్రిందుగా పేర్చుతున్నవి. కాబట్టి ప్రస్తుతానికి ప్రాంప్టులోని మాటలను ఇంగ్లీషు లిపిలోనే ఉంచడం క్షేమం. ఎరుపు మాత్రం రెండు భాషల వారికీ ఒకటే.

ప్రయత్నించదలచినవారు మొదట తెరచి ఉన్న షెల్ లోనే పి.ఎస్.1 కు కొత్త విలువ ఇచ్చి చూడవచ్చును. ఆ మార్పు ఆ కిటికీతోనే పోతుంది గనుక భయం లేదు. పంక్తి నిండి క్రిందికి మళ్ళేటంత పొడుగైన ఆజ్ఞ ఒకటి టైపు చేసి, మళ్ళింపు సరిగా ఉన్నదో లేదో పరీక్షించవలెను. తృప్తి కలిగిన తరువాత, తమ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే బ్యాష్ ఆర్‌సి అనే ఫైలుకు ఒక నకలు తీసి ఉంచి, ఆ ఫైలు చివర ఈ పంక్తిని చేర్చవలెను. రూట్ ఫైలును దిద్దేటప్పుడు రెండవ కిటికీలో మరొక షెల్ ను తెరచి ఉంచుకొని, కొత్త షెల్ సరిగా మొదలైనదని చూచిన తరువాతనే పాతదానిని మూయవలెను.